ఇంకా సిద్ధం కాని నీళ్ళు

ఇల్లు, వంటగది బల్ల
జనవరి 11

చిరంజీవి కోడలికి,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నువ్వు మూతి విరుస్తావు. ఫోనులో నీ గొంతు వింటే నాకు రక్తపోటు పెరుగుతుంది. నా గొంతు వింటే నీకు మాట పెగలదు. కాగితం మీద ఇద్దరం కాస్త భరించదగ్గ మనుషులం. పైగా ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి, అందులో మూడేళ్ళు నీ జవాబు పత్రాలు దిద్దినదాన్ని. నీ చేతిరాత నాకు బాగా అలవాటు. అలవాటు కానిది నువ్వే.

నువ్వు పంపిన గాజు తొట్టి పగలకుండా చేరింది. అందులో పెట్టిన చీటీని గుండుసూది నాకు నాలుగుసార్లు చదివి వినిపించింది. (పదేళ్ళొచ్చినా నీ కూతురికి ఒంట్లో మొన తప్ప కండ లేదు, కాబట్టి ఆ పేరే ఖాయమైంది.) "నీళ్ళు సిద్ధం కావడానికి ఆరు వారాలు పడుతుంది. సిద్ధమైన రోజు నాకు చెప్పు, మర్నాడే వస్తాను. ఇద్దరం కలిసి ఎర్ర రొయ్యలు కొని, తొట్టితో సహా నిన్ను నా దగ్గరికి తెచ్చేసుకుంటాను." బాగుంది. మావాడు పోయి రెండేళ్ళు. నువ్వు ఉద్యోగమని ఎనిమిది గంటల బస్సు దూరం వెళ్ళి ఆరు నెలలు. ఇప్పటికి కన్నతల్లివని గుర్తొచ్చిందన్నమాట, అదీ రొయ్యల ద్వారా.

దానికి కాలు నిలవడం లేదు. ఇసుకను పదకొండుసార్లు కడిగింది. పన్నెండోసారికి నేను బకెట్ లాక్కున్నాను. చేపల కొట్టాయన నీళ్ళు చూసి, "అద్దంలా ఉన్నాయి కదమ్మా, ఇవాళే పది రొయ్యలు వేసెయ్యండి, చస్తే చూద్దాం" అన్నాడు. "నీ పిల్లల్ని కూడా ఇలాగే పెంచుతున్నావా నాయనా?" అన్నాను. పాపం, అప్పటినుంచి నన్ను చూస్తే కొట్టు వెనక్కి పోతున్నాడు.

ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందంటారు. ఇక్కడ లెక్క తిరగబడింది. ఆలస్యమే విషాన్ని విరిచేది. ఆ సంగతి నీకు నేనే నేర్పాను, మళ్ళీ నాకు చెప్పకు.

అది వెళ్ళిపోతే ఈ ఇంట్లో మిగిలేది నేనూ, టిక్కుటిక్కుమనే గడియారమూ. ఊరికే చెప్పాను, జాలిపడకు. నీకు చేతకాని పనులు నీకెందుకు?

మీ అత్త


జలశుద్ధి కేంద్రం, పరీక్షల గది
జనవరి 20

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ రోజుకు నలభై సీసాల నీళ్ళు పరీక్షించాలి, అందుకే క్లుప్తంగా రాస్తున్నాను.

రోజూ చిటికెడు చేపల మేత వెయ్యమనండి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు మెల్లగా స్పాంజిలో కాపురం పెడతాయి. అవి దాన్ని నైట్రైట్ చేస్తాయి, అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తాయి. అది కాస్త ఉన్నా రొయ్యలు బతుకుతాయి. మొదటి రెండూ సున్నాకు వచ్చి, మూడోది కనిపిస్తే నీళ్ళు సిద్ధం.

పాప వారానికోసారి మూడూ పరీక్షించి పట్టిక రాయాలి. ఆ పట్టిక మీ ఉత్తరంతో పంపండి. స్పాంజిని కొళాయి కింద మాత్రం కడగనివ్వకండి. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, కాపురమంతా చస్తుంది. మీకు తెలుసు. పాప కోసం రాశాను.

నాకింకా క్వార్టరు ఇవ్వలేదు. ఇద్దరు అమ్మాయిలతో గది పంచుకుంటున్నాను. ఆరు వారాల్లోపు ఇస్తామన్నారు.

మీ కోడలు


ఇల్లు, ముందుగది
ఫిబ్రవరి 19

అమ్మాయికి,

పట్టిక జతపరిచాను. అమ్మోనియా సున్నా, గొట్టంలో పసుపు రంగే. నైట్రైట్ పోయినవారం వంకాయ రంగు, ఈ వారం లేత ఊదా. ఇంకో ఐదారు రోజులంతే. గీతలు స్కేలుతో గీసింది, గమనించు. నీ రికార్డు పుస్తకంలో గీతలు పాములా ఉండేవి. ఈ పొందిక ఎవరి రక్తంలోంచి వచ్చిందో నేను చెప్పనక్కర్లేదు.

పరీక్ష చేసేటప్పుడు గుండుసూదిని చూడాలి. గాజు గొట్టాన్ని కంటికి సూటిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చుక్కలు లెక్కపెడుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎడమ కనుబొమ్మ ఎత్తి చూస్తుంది, అంతే. మొన్న పక్కింటావిడ "మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతావటగా, నానమ్మని వదిలి ఉండగలవా?" అంది. అది గొట్టం దించకుండా, "నానమ్మకి నేను లేకపోతే బోలెడు తీరిక. ఇంకా ఎక్కువమందిని తిట్టుకోవచ్చు" అంది. పక్కింటావిడ నవ్వింది. నేనూ నవ్వాను.

సంచి సర్దేసుకుంది. బట్టలు రెండు జతలు, నాచు కత్తిరించే చిన్న కత్తెర, మావాడి ఫోటో. నా ఫోటో అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

నీకు క్వార్టరు ఇచ్చారా? మాట వరసకు అడుగుతున్నా.

మీ అత్త


ఇల్లు
మార్చి 3

అమ్మాయికి,

ప్రాప్తం లేదు. మొన్న పరీక్షలో అమ్మోనియా ముదురు ఆకుపచ్చగా తిరిగొచ్చింది. వెనక్కి నడిచాయి నీ సూక్ష్మజీవులు. పిల్ల మూడుసార్లు పరీక్షించింది. గొట్టం మార్చి ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి, చుక్కలు నాతో వేయించి ఒకసారి. మూడుసార్లూ అదే పచ్చ. అప్పుడు ఏడ్చింది. "మళ్ళీ ఆరు వారాలు" అన్నాను. "అమ్మ ఆగుతుందా?" అంది.

ఆగుతావా? సంచి విప్పేసింది. పట్టిక జతపరిచాను.

మీ అత్త


జలశుద్ధి కేంద్రం
మార్చి 12

అత్తయ్యగారికి,

పట్టిక చూశాను. ఏం చేస్తాం, ఒక్కోసారి అలా జరుగుతుంది. పాపని ఓపిక పట్టమనండి. మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టమనండి. నేను ఆగుతాను.

క్వార్టరు ఇంకా రాలేదు.

మీ కోడలు


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 20

కోడలమ్మకు,

మళ్ళీ అంతే. పోయినవారం నైట్రైట్ లేత నీలం, అంటే సున్నా. గుండుసూది కుర్చీ మీదెక్కి గంతులేసింది. ఒక్కరోజు ఆగి మళ్ళీ చూసి నీకు చెబుదామన్నాను. ఈవారం అమ్మోనియా పచ్చ. పట్టిక ఇదిగో.

నీకో మాట చెప్పాలి. పోయినసారి నువ్వు గొడవ పడతావనుకున్నాను. "ఏం చేశారు అత్తయ్యా నా తొట్టిని?" అని నాలుగు పేజీలు దులుపుతావనుకుని, ఎదురు దులపడానికి ఐదు పేజీలు మనసులో సిద్ధం చేసుకున్నాను. నీ దగ్గర్నుంచి వచ్చింది ఆరు వాక్యాలు. ఒక తల్లి రాయాల్సిన ఉత్తరమేనా అది? తపాలా ఆఫీసులో దారితప్పిన ఉత్తరానికి పెట్టే ముద్రలో కూడా అంతకన్నా ఎక్కువ విచారం ఉంటుంది.

ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు దాని మొహం నువ్వు చూడలేవు, నేను చూస్తాను. "ఫరవాలేదమ్మా, ఈసారి ఇంకా జాగ్రత్తగా చేస్తా" అంటుంది. ఫోను పెట్టేసి తొట్టి ముందు నిలబడుతుంది. అందులో ఒక్క ప్రాణీ లేదు. ఉత్త నీళ్ళు, ఇసుక, గుప్పెడు నాచు, బుడగలు. వాటినే చూస్తూ ఉంటుంది.

నువ్వేమైనా అడుగు. తిట్టు. నీకు చేతకాకపోతే నేను రాసిస్తాను, సంతకం పెట్టు.

మీ అత్త


జలశుద్ధి కేంద్రం
మే 2

అత్తయ్యగారికి,

తిట్టడానికి ఏముంది? పాప చిన్నది, పొరపాట్లు చేస్తుంది. చేతులకు సబ్బు ఉండగా తొట్టిలో పెట్టిందేమో. శుభ్రంగా కడుక్కోమని ఆదివారం చెప్పాను.

మళ్ళీ మొదలుపెట్టమనండి.

మీ కోడలు


ఇల్లు, మావాడి గది
మే 24

అమ్మాయికి,

చేతులు కడుక్కోమని చెప్పావు కదా, కడుక్కుంటోంది. లేవగానే, పడుకోబోయేముందు, మేత వేసేముందు, వేశాక. వేళ్ళ సందులు పగిలి రక్తం వస్తోంది. మందు రాస్తానంటే రాయనివ్వదు. "మందు తొట్టిలో కలిస్తే?" అంటుంది. వారం రోజులుగా తొట్టి మూత తియ్యడం కూడా మానేసి, మేత నన్ను వెయ్యమంటోంది. "నా చేతుల్లో ఏదో ఉంది నానమ్మా. నేను ముట్టుకుంటే చెడిపోతున్నాయి. నాన్న కూడా..." అని ఆపేసింది. ఆసుపత్రిలో మావాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నది అదే కదా.

ఇప్పుడు చెప్తున్నాను, కూర్చుని చదువు. చెడగొట్టింది నేను. ఫిబ్రవరి 26న ఒకసారి, ఏప్రిల్ 16న ఒకసారి. అది బడికి వెళ్ళగానే స్పాంజి తీసి కొళాయి కింద పిండాను. నురుగు పోయి తెల్లబడేదాకా పిండాను. ఇసుక కలియబెట్టాను. సగం నీళ్ళు తోడేసి కొళాయి నీళ్ళు నేరుగా పోశాను. అది తిరిగొచ్చేసరికి తొట్టి ఎప్పటిలా ఉంది, మేం సాయంత్రం పదాల ఆట ఆడుకున్నాం. ఆ పూట నన్ను ఓడించింది కూడా.

ఎందుకని అడగకు. తెలియనట్టు నటించకు. మావాడిని నువ్వు తీసుకెళ్ళావు. తర్వాత దేవుడు తీసుకెళ్ళాడు. మూడోసారి ఎవరు తీసుకెళ్ళినా నేను ఊరుకోదల్చుకోలేదు. అదంతా ప్రేమ అని చెప్పను. సగం ప్రేమ, సగం నీ మీద కచ్చ. ఏది ఎక్కువో ఈ వయసులో కొలిచి చూసే ఓపిక లేదు.

కానీ ఆ వేళ్ళు చూశాక నావల్ల కావడం లేదు. దాని మొహం మీద చెప్పే ధైర్యం కూడా లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల్ని వణికించిన నోరు పదేళ్ళ పిల్ల ముందు పెగలడం లేదు, నవ్వుకో. ఏప్రిల్ తర్వాత స్పాంజిని ముట్టుకోలేదు. జూన్ రెండో వారానికి నీళ్ళు సిద్ధమవుతాయి. రా. తీసుకెళ్ళు. నీకు తీరిక ఉంటే గుమ్మంలో నిలబెట్టి నన్ను తిట్టు, అదీ పడతాను. జీవితంలో నిన్ను ఒకటి అడుగుతున్నాను.

మీ అత్త


క్వార్టరు నంబరు 14
జూన్ 5

మేడమ్‌గారికి,

కాలేజీలో అలాగే పిలిచేదాన్ని. అత్తయ్యా అని పిలవడానికి మధ్యలో ఉన్న మనిషి లేడు కదా.

నాకు ముందే తెలుసు. మార్చిలో మీరు పంపిన పట్టిక చూసిన నిమిషంలో తెలిసింది. సూక్ష్మజీవులు చస్తే అమ్మోనియా పెరుగుతుంది, సరే. మూడో గడిలో నైట్రేట్ సగానికి సగం ఎందుకు పడిపోతుంది? నీళ్ళు సగం మారిస్తే తప్ప పడదు. పాప మార్చదు. మీరు మొదటి రెండు గడులు చూసుకుని కవరు అంటించారు, మూడోది చూడలేదు. ఇదే తప్పుకు నాకోసారి ఎనిమిది మార్కులు కోసి, అందరి ముందూ నా రికార్డు కిటికీలోంచి విసిరారు. గుర్తుందా?

తెలిసీ అడగలేదు. ఎందుకంటే ప్రతిసారీ మీ పట్టిక విప్పి పచ్చ రంగు చూడగానే నాకు ఊపిరి ఆడేది. ఇంకో ఆరు వారాలు. తొట్టి పంపిందే అందుకు. సిద్ధం కావడానికి ఇంత కాలం పట్టే బహుమతి ఇంకోటి దొరకలేదు. తర్వాతి పని మీరు నాకన్నా బాగా చేశారు. మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

క్వార్టరు ఫిబ్రవరిలోనే ఇచ్చారు. ఒంటరిగా లేను. ఆయన ఇక్కడే పంపుల విభాగంలో ఇంజనీరు. పాప సంగతి ఆయనకు తెలుసు. నానమ్మ దగ్గరే పెరుగుతుందని మార్చిలోనే చెప్పేశాను. వచ్చేనెల పెళ్ళి.

పాపని నేను ప్రేమించడం లేదని అనుకోకండి. లేదా అనుకోండి, అదీ సగం నిజమే. నేను మాట్లాడుతుంటే ఎడమ కనుబొమ్మ ఎత్తి చూస్తుంది, అచ్చం మీలా. నా వాక్యంలో తప్పు పట్టుకుంటుంది, అచ్చం మీలా. మీ అబ్బాయి పోయిన నెలకే దాని మంచం మీ గదిలోకి మార్పించారు. అప్పుడు నోరెత్తలేకపోయాను. మీరు కోరుకున్న పిల్లని మీరు తయారుచేసుకున్నారు. నా జీవితంలో ఒక మేడమ్ చాలు.

నేను రాను. పాపకి ఇప్పుడే చెప్పకండి, తట్టుకోలేదు. స్పాంజి ఇంకోసారి కడగండి. ఆ తర్వాత ఇంకోసారి. కొన్నాళ్ళకి దానికే విసుగొచ్చి మర్చిపోతుంది. ఎలా చెయ్యాలో మీకు తెలుసు. ఉత్తరం చదివాక చించెయ్యండి.

మీ పాత విద్యార్థిని


ఇల్లు, వరండా
జూన్ 14

అమ్మాయికి,

చించలేదు. మంచితనంతో మాత్రం కాదు. నీ ఉత్తరం విప్పగానే నాకు కలిగింది సంతోషం. సిగ్గు లేకుండా చెప్తున్నాను. నా పిల్ల నాకు మిగిలింది, పైగా నువ్వే నీ చేత్తో రాసిచ్చావు. స్పాంజి కడగడం ఎందుకు? ఈ కాగితం దానికి చదివి వినిపిస్తే చాలు, జన్మలో నీ పేరెత్తదు. తగ్గట్టు చదివితే నా పేరుకి మచ్చ కూడా పడదు.

పదో తారీఖు మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చోబెట్టాను. ఆ పూటే పరీక్ష చేసింది. పసుపు, లేత నీలం, నారింజ. మూడూ సరిగ్గా ఉన్నాయి. "అమ్మకి ఫోను చేద్దాం" అంటోంది. ముందు ఇది విను అని చదివాను. క్వార్టరు నంబరు చదివాను. ఇంజనీరుని చదివాను. "నేను రాను" దగ్గర కావాలనే ఆగాను. మొదటి పేజీ సగం, చివరి ఆరు వాక్యాలు మింగేశాను. గొంతు బాగానే పలికింది. ఇన్నేళ్ళ పాఠాలు ఊరికే పోలేదు.

అది అంతా వింది. ఏడవలేదు. చెయ్యి చాపి, "నువ్వు చదివిన దానికన్నా కాగితం మీద ఎక్కువ ఉంది నానమ్మా" అంది.

ఇవ్వనన్నాను. చెయ్యి తియ్యలేదు. ఆ వేళ్ళు చూస్తూ ఎంతసేపని ఇవ్వకుండా ఉంటాను? ఇచ్చాను. నిలబడే మొత్తం చదివింది. వెనక్కి తిప్పి ఇంకేమైనా ఉందేమో చూసింది. పట్టిక పుస్తకం తెచ్చి మార్చి పేజీలో మూడో గడి మీద వేలు పెట్టింది. ఏప్రిల్ పేజీలోనూ పెట్టింది. "నేనెందుకు చూడలేదు?" అంది, తనలో తను. నన్ను ఏమీ అడగలేదు.

తర్వాత అద్దం దగ్గరికి వెళ్ళింది. కనుబొమ్మ ఎత్తి చూసుకుంది. దించింది. మళ్ళీ ఎత్తింది. నువ్వు రాసిన వాటిల్లో దాన్ని పట్టి ఆపింది అదొక్కటే. వెళ్ళి ముఖం కడిగేసుకుంది.

మర్నాడు సాయంత్రం ఒక్కతే కొట్టుకి వెళ్ళి పది రొయ్యలు తెచ్చుకుంది. వెంట వస్తానన్నాను. "వద్దు, ఆయన నిన్ను చూస్తే దాక్కుంటాడు" అని నవ్వింది కూడా. రొయ్యలు అలవాటు పడేందుకు, వాటి సంచిలోని నీళ్ళలోకి తొట్టి నీళ్ళు సన్న గొట్టంతో చుక్కచుక్కగా రెండు గంటలు వదిలింది. తర్వాత ఒక్కొక్కదాన్నే వలతో దించింది. తొమ్మిది బాగున్నాయి. ఒకటి పొద్దున వెల్లకిలా ఉంది. తీసి పారేసి, పుస్తకంలో రాసుకుని, అన్నం తిని బడికి వెళ్ళింది.

అన్నీ మామూలుగానే ఉన్నాయి, అదే నాకు భయం. నానమ్మా అనే పిలుస్తుంది. పదాల ఆట ఆడుతుంది. గెలిస్తే వెక్కిరిస్తుంది. నేను వేళ్ళకి మందు రాస్తే చెయ్యి ఇస్తుంది. కానీ రాస్తున్నంతసేపూ నా మొహాన్ని ఆ గాజు గొట్టాన్ని చూసినట్టే చూస్తుంది, ఏ రంగు తేలుతుందో అని.

నిన్న అడిగాను, "ఆదివారం మీ అమ్మ ఫోను చేస్తే ఏం చెప్తావే?" అని. అది రొయ్యలకి మేత తుంచుతూ చెప్పింది. "నీళ్ళు ఇంకా సిద్ధం కాలేదమ్మా అంటాను. అమ్మకి కావలసింది అదేగా. పెళ్ళయ్యాక కూడా అదే చెప్తాను. ఎప్పుడడిగినా అదే చెప్తాను." చేతులు దులుపుకుని, "నేను ఈ ఉత్తరం చదివినట్టు అమ్మకి రాయకు నానమ్మా" అంది.

సరేనన్నాను. నా మాట నమ్మినట్టే తల ఊపింది.

మీ అత్త